నిషేధమూ నడుస్తోంది, సరుకూ నడుస్తోంది

ఐక్యరాజ్యసమితి భద్రతామండలి విధించే ఆయుధ నిషేధాలు పనిచేయడం లేదని ఈ మధ్య బాగా చదువుకున్నవారు సైతం అనేస్తున్నారు. ఇది తొందరపాటు మాట, కొంత అన్యాయమైన మాట కూడా. నిషేధం చేయవలసిన పని నిషేధించడం. న్యూయార్కులో గుర్రపు నాడా ఆకారపు బల్ల చుట్టూ కూర్చుని, గడువు తీరేలోపు పునరుద్ధరిస్తూ, చాలాసార్లు ఏకగ్రీవంగా, మండలి ఆ పనిని నిష్ఠగా చేస్తూనే ఉంది. సరుకును ఆపడమనేది వేరే శాఖ. ఆ శాఖను ఇంతవరకు ఎవరూ తెరవలేదు కనుక అది విఫలమైందని నిందించడానికీ వీల్లేదు.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ సూక్ష్మాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కోడిపందాలను అడ్డుకోవడానికి మనకు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం ఉంది, వాటికి తోడు హైకోర్టు ఉత్తర్వులున్నాయి. సంక్రాంతి దగ్గరపడుతుండగా పోలీసులు ఊరూరా హెచ్చరిక ఫ్లెక్సీలు కడతారు, కత్తులు పట్టుకుంటారు, కత్తులు కట్టేవాళ్ళను స్టేషనుకు పిలిచి బైండోవర్ చేస్తారు, చదును చేసిన బరులను ట్రాక్టర్లతో దున్నించి ఫొటోలు తీయిస్తారు. భోగి నాడు పొద్దెక్కేసరికి వెంపలోనూ, సీసలిలోనూ, మురమళ్ళలోనూ షామియానాలు లేస్తాయి, పెద్ద తెరలు వెలుగుతాయి, కార్లు పెట్టుకోవడానికి చోటు దొరకదు. చట్టం మాత్రం ఎక్కడికీ పోదు; కనుమ మర్నాడు మళ్ళీ విధుల్లో చేరుతుంది.

ఆ బరి పక్కన గొంతుకూర్చుని ఉండే మనిషిని ఒకసారి దగ్గరగా చూడండి. గుడ్డ పరిచిన చిన్న పెట్టెలో కత్తులు వరసగా పడుకుని ఉంటాయి, వేలంత పొడవు, కాగితమంత అంచు. ఒకదాన్ని తీసి వెలుతురులో తిప్పి చూసుకుని, డేగ పుంజు కాలిని మోకాళ్ళ మధ్య పట్టుకుని, దారాన్ని చుట్టు మీద చుట్టు వేసి బిగించి, చివరి ముడిని పంటితో కొరుకుతాడు. పందేనికింత అని డబ్బు తీసుకుంటాడు, ఏ కోడి గెలిచినా. ఇది తప్పు కాదా అని ఎవరైనా పట్నం మనిషి అడిగితే, అతని జవాబు మర్యాదగానే ఉంటుంది: "ఆయ్, కత్తి కట్టడం వరకేనండి మా పని. కొట్టుకునేది కోళ్ళు కదండీ." ఆయుధాలు ఎగుమతి చేసే ప్రభుత్వాలు జారీ చేసిన వివరణలు నేను చాలా చదివాను. ఇంతకంటె పొందికైన వివరణ ఏ రాజధాని నుంచీ వెలువడలేదు.

అంతర్జాతీయ స్థాయిలో ఈ విద్యకు కాగితం తోడవుతుంది. ఆయుధ వ్యాపారంలో తూటా కంటె ముందు పేలేది తుది వినియోగదారు ధ్రువపత్రం. కొనే దేశపు ప్రభుత్వం "ఈ సరుకు మా సైన్యానికే, ఇంకెవరికీ ఇవ్వము" అని ముద్ర వేసి రాసిస్తుంది. అమ్మే దేశపు ప్రభుత్వం దాన్ని చూసి లైసెన్సు ఇస్తుంది. విమానం దిగిన తరువాత సరుకు ఎటు పోయిందో వెళ్ళి చూడవలసిన అగత్యం అమ్మినవారికి ఉండదు. నమ్మితే చాలు. ఈ వ్యాపారంలో మిగిలి ఉన్న నమ్మకం ఇదొక్కటే కనుక దాన్ని చెడగొట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

అంగోలాలో యునిటా తిరుగుబాటుదారులకు ఆయుధాలు అమ్మరాదని మండలి 1993 సెప్టెంబరులో తీర్మానించింది. ఆ తరువాత టోగో అనే చిన్న దేశం పేరిట బల్గేరియా సరుకుకు ధ్రువపత్రాలు పుట్టుకొచ్చాయి. అప్పటి మన తూర్పు గోదావరి జిల్లా జనాభాకు కాస్త అటూ ఇటూ జనం ఉండే ఆ దేశానికి ఒక్కసారిగా అంత ఆత్మరక్షణ ఎందుకు అవసరమైందని అప్పట్లో ఎవరికీ అనుమానం రాలేదు. 2000 మార్చిలో కెనడా రాయబారి రాబర్ట్ ఫౌలర్ అధ్యక్షతన కమిటీ నివేదిక ఇచ్చినప్పుడు తెలిసింది, ఆ సరుకు టోగో సరిహద్దుల్లో ఆగకుండా యునిటాకు చేరిందని. ఆ నివేదికలో ఏకంగా దేశాధ్యక్షుల పేర్లే రాశారు. దౌత్యప్రపంచంలో అంత అమర్యాద అరుదు గనుక దాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

లైబీరియా, సియెర్రా లియోన్ల వ్యవహారం ఇంకా రసవత్తరం. ఆ రెండు చోట్లా నిషేధం అమలులో ఉండగానే, 1999 మార్చిలో 68 టన్నుల ఉక్రెయిన్ ఆయుధాలు బుర్కినా ఫాసో రాజధాని ఔగాడౌగౌలో దిగాయి. కాగితం ప్రకారం అవి బుర్కినా ఫాసో సైన్యానివే. కొద్ది రోజుల్లోనే అవి విడతలు విడతలుగా లైబీరియాకు ఎగిరిపోయాయి. మోసిన విమానాల్లో ఒకటి లియోనిడ్ మినిన్ అనే వ్యాపారిది. అది అంతకుముందు అమెరికాలో సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు ప్రయాణించిన విలాస విమానమట. మెత్తటి కుర్చీల మధ్య నడవలో తుపాకుల పెట్టెలు పేర్చి తీసుకువెళ్ళారు. చేతులు నరికే సైన్యమని పేరుపడిన సియెర్రా లియోన్ తిరుగుబాటుదారులకు లైబీరియా అధ్యక్షుడు చార్ల్స్ టేలర్ పెద్ద దిక్కు. వజ్రాలు ఇటు, ఆయుధాలు అటు. మరుసటి ఏడాది జూలైలో ఐవరీ కోస్ట్ పాలకుడు సంతకం చేసిన కాగితం మీద 50 లక్షల తూటాలు, 113 టన్నులు, అబిజాన్‌లో దిగాయి. అవీ దారి పట్టాయి. ఈ లెక్కన పశ్చిమ ఆఫ్రికాలోని నిరుపేద ప్రభుత్వాలు ఆ దశాబ్దంలో కాగితాల ఎగుమతిలో చూపిన చురుకుదనాన్ని ఆర్థికవేత్తలు తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి.

ఆ మినిన్‌ను 2000 ఆగస్టులో మిలాన్ పక్కన ఒక హోటల్ గదిలో ఇటలీ పోలీసులు పట్టుకున్నారు. గదిలో వందల కొద్దీ పుటల దస్తావేజులు దొరికాయి, ధ్రువపత్రాలతో సహా. ఇంత సాక్ష్యం కాళ్ళ దగ్గరకు వచ్చి పడ్డ కేసు అరుదు. అయినా ఆయుధాలు ఇటలీ నేల మీదుగా పోలేదు కనుక ఆ విషయాన్ని విచారించే అధికారం తమకు లేదని అక్కడి న్యాయస్థానం తేల్చింది. కొకెయిన్ మాత్రం ఇటలీ నేల మీదే దొరికింది గనుక దానికి శిక్ష పడింది. ఈ తీర్పు నుంచి ఆయుధ వ్యాపారులు నేర్చుకున్నదేమిటో ఊహించడం కష్టం కాదు: అమ్మేది ఏదైనా అమ్మవచ్చు, గదిలో పెట్టుకునేది మాత్రం చూసి పెట్టుకోవాలి.

విక్టర్ బౌట్ ప్రస్తావన లేకుండా ఈ రంగపు చరిత్ర పూర్తి కాదు. నిషేధం ఉన్న చోటల్లా ఆయన విమానం ఉండేదని చెప్పుకునేవారు. 2008లో బ్యాంకాక్‌లో దొరికి, అమెరికాలో 25 ఏళ్ళ శిక్ష పడి, 2022 డిసెంబరులో ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారిణికి బదులుగా విడుదలై, మరుసటి ఏడాదే రష్యాలోని ఉల్యానోవ్‌స్క్ ప్రాంతీయ శాసనసభకు ఎన్నికయ్యారు. మన ప్రాంతంలో కూడా కేసులున్నవారు చట్టసభలకు వెళ్తుంటారు గాని, ఇంత అంతర్జాతీయ అనుభవంతో ఎవరూ వెళ్ళలేదు.

కాగితం తరువాత భూగోళం. రువాండాలో 1994 ఏప్రిల్‌లో హత్యాకాండ మొదలైంది; వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. మండలి చలించి మే 17న ఆయుధ నిషేధం విధించింది. ఆ ఏడాది భద్రతామండలిలో ఎన్నికైన సభ్యదేశాలలో రువాండా కూడా ఒకటి. హత్యాకాండ జరిపిస్తున్న ప్రభుత్వపు రాయబారి అదే బల్ల దగ్గర కూర్చుని, ఆయుధ నిషేధ భాగానికి వ్యతిరేకంగా ఓటేశాడు, ఆయనొక్కడే వేశాడు. ఆయనను లేచి బయటకు వెళ్ళమని అనడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. నిబంధనల పట్ల మండలికి ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు.

ఆ ఏప్రిల్ నడుమ నుంచి జూలై నడుమ దాకా అల్బేనియా నుంచీ ఇజ్రాయెల్ నుంచీ రువాండా సైన్యానికి ఆయుధాలు చేరవేసిన కంపెనీలలో మిల్-టెక్ ఒకటి. ఈ సంగతి 1996 చివరలో, ఆ పరాజిత సైన్యం రువాండాను ఆనుకుని జైర్‌లో (ఇప్పటి కాంగో) ఉన్న గోమా దగ్గర వదిలేసి పారిపోయిన కాగితాలలో బయటపడింది. బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. విచారిస్తే తేలిందేమిటంటే, కంపెనీ నమోదైంది ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో. సమితి నిషేధాన్ని బ్రిటన్ తన చట్టంలోకి తెచ్చుకున్నప్పుడు ఆ దీవికి వర్తింపజేయలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. లంక గ్రామాల మధ్య బతికేవాళ్ళం గనుక దీవులను గురించి మనకు కొంత తెలుసుననుకుంటాం: వరదొస్తే మునుగుతాయని, పడవ లేకపోతే ఆసుపత్రికి చేరలేమని. చట్టం కూడా రేవు దాకా వచ్చి పడవ దొరక్క వెనక్కి పోతుందని మాత్రం మనకు తెలియదు.

దీవుల మాట వచ్చింది కనుక సీషెల్స్ చేసిన మేలు కూడా చెప్పాలి. సోమాలియా మీద నిషేధం ఉండగా అక్కడికి ఆయుధాలు మోసుకుపోతున్న ఒక ఓడను 1993లో సీషెల్స్ పట్టుకుంది. నిషేధం పనిచేసిన అరుదైన సందర్భం ఇది, చప్పట్లు కొట్టదగినది. సరుకును గోదాములో పెట్టారు. 1994 జూన్‌లో ఒక దక్షిణాఫ్రికా దళారీ, రువాండా సైన్యపు కర్నల్ ఒకాయన కలిసి వచ్చారు. జైర్ దేశపు ధ్రువపత్రం చూపించారు, సుమారు 3.3 లక్షల డాలర్లు చెల్లించారు, రెండు విమానాల్లో గోమాకు పట్టుకుపోయారు. ఒక నిషేధం కింద జప్తు అయిన ఆయుధాలు రెండో నిషేధాన్ని ఉల్లంఘించడానికి పనికివచ్చాయి. ఆ కర్నల్, థియోనెస్ట్ బగసోరా, తరువాత హత్యాకాండకు సూత్రధారులలో ఒకడిగా, రువాండా నేరాల కోసం సమితి పెట్టిన అంతర్జాతీయ నేర న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. సరుకు వృథా పోకుండా చూసిన సీషెల్స్ గోదాము గుమాస్తాకు మాత్రం ఏ పురస్కారమూ రాలేదు.

నిషేధం గట్టిగా పట్టిన చోటు లేకపోలేదు. 1991 సెప్టెంబరులో యుగోస్లావియా మొత్తానికి ఆయుధాలు అమ్మరాదన్నారు. పాత యుగోస్లావ్ సైన్యపు ఫిరంగులూ టాంకులూ అప్పటికే సెర్బుల చేతుల్లో ఉన్నాయి. చేతిలో ఏమీ లేని బోస్నియా ప్రభుత్వానికి మాత్రం బయటి నుంచి చట్టబద్ధంగా ఏదీ కొనుక్కునే దారి లేకుండా పోయింది. స్రెబ్రెనిత్సాలో 1995 జూలైలో దాదాపు 8,000 మంది పురుషులనూ కుర్రవాళ్ళనూ చంపే నాటికి కూడా ఆ నిషేధం చెక్కుచెదరలేదు.

ఇక బరి ఎవరిది, న్యాయనిర్ణేతలెవరు అన్న ప్రశ్న. భద్రతామండలిలో వీటో ఉన్న ఐదు దేశాలూ శాంతిని కాపాడే ప్రధాన బాధ్యతను భుజాన వేసుకున్నవి. స్టాక్‌హోం శాంతి పరిశోధనా సంస్థ లెక్కల ప్రకారం 2020 నుంచి 2024 దాకా ప్రపంచంలో జరిగిన పెద్ద ఆయుధాల ఎగుమతుల్లో అమెరికా వాటా 43 శాతం; ఫ్రాన్స్, రష్యా, చైనా, బ్రిటన్లను కూడా కలుపుకుంటే మూడింట రెండు వంతులు దాటుతుంది. దుర్బుద్ధి ఉన్నవాళ్ళు దీన్ని చూసి కంచే చేను మేసిందంటారు. నేనైతే అనుభవజ్ఞులకే బాధ్యత అప్పగించారంటాను. ఏ ఆయుధం ఎక్కడ పేలిందో చూడగానే గుర్తుపట్టాలంటే దాన్ని తయారు చేసినవారి కంటె యోగ్యులెవరు?

ఇప్పుడు జరుగుతున్న దానికి వద్దాం. సుడాన్‌లోని దార్‌ఫుర్ మీద ఆయుధ నిషేధం 2004లో మొదలై, 2005లో అక్కడ పోరాడే పక్షాలన్నిటికీ విస్తరించింది. విశేషమేమిటంటే అది దార్‌ఫుర్‌కే, మిగిలిన సుడాన్‌కు కాదు. ఆయుధం పోర్ట్ సుడాన్‌లో దిగితే నేరం లేదు. అది పడమటికి ప్రయాణించకుండా ఉంటే చాలు. ఇసుకలో గీసిన ఆ గీతను తుపాకులు తమంతట తామే గౌరవిస్తాయని రెండు దశాబ్దాలుగా మండలి విశ్వసిస్తోంది. 2023 ఏప్రిల్ 15న సుడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ బలగానికీ యుద్ధం మొదలైంది. ఆ ఏడాది దార్‌ఫుర్‌లోని ఒక్క ఎల్ జెనీనా పట్టణంలోనే 10,000 నుంచి 15,000 మంది చనిపోయి ఉంటారని సమితి నిపుణుల బృందం రాసింది. చంపబడినవారిలో అత్యధికులు మసాలిత్ తెగవారు.

చాద్ సరిహద్దులోని అమ్‌జరాస్ అనే మారుమూల విమానాశ్రయానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి వరసగా సరుకు విమానాలు దిగుతున్నాయి, అవి ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు మోస్తున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవిగా ఉన్నాయి అని అదే నిపుణుల బృందం చెప్పింది. అవి క్షేత్ర ఆసుపత్రికి వెళ్ళే మానవతా సహాయమని ఎమిరేట్స్ ప్రభుత్వం చెబుతూ వస్తోంది. ఆయుధాల ఆరోపణను అది ఇప్పటికీ ఒప్పుకోదు. ఈలోగా 2024 నవంబరులో, ఎమిరేట్స్‌లో తయారైన సాయుధ వాహనాలు సుడాన్‌లో కనిపించాయనీ, వాటి మీద గాలిక్స్ అనే ఫ్రెంచి రక్షణ పరికరం బిగించి ఉందనీ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. 2025 మేలో అదే సంస్థ చైనా నోరింకో కంపెనీ గైడెడ్ బాంబులను, 155 మిల్లీమీటర్ల ఫిరంగులను గుర్తించింది. 2024 నవంబరులోనే సుడాన్ ఎడారిలో పట్టుబడిన ఒక వాహనశ్రేణిలో బల్గేరియా మోర్టారు గుండ్లు దొరికాయి. వాటిని ఎమిరేట్స్‌కు అమ్మామనీ, ఆ పైన ఇంకెవరికీ ఇవ్వడానికి తాము అనుమతించలేదనీ బల్గేరియా చెప్పింది. పాతికేళ్ళలో బల్గేరియా ఎంత ఎదిగిందో చూడండి: అప్పట్లో టోగో కాగితం నమ్మేది, ఇప్పుడు సంపన్న దేశాల కాగితం నమ్ముతోంది. అవతలి పక్షం కూడా వట్టి చేతులతో లేదు. సైన్యం చేతికి ఇరాన్ డ్రోన్లు, టర్కీ డ్రోన్లు వచ్చాయి. ఆకాశంలో దార్‌ఫుర్ సరిహద్దు కనిపించదు కనుక వాటిని తప్పుపట్టలేం.

ఇంత పెద్ద పనిలో నేరం ఎవరిదో తేల్చడం నిజంగానే కష్టం. పారిస్ పరికరం మాత్రమే అమ్మింది. అబూధాబీ బండి మాత్రమే చేసింది. విమానం నడిపినవాడు బిల్లులో రాసిన సరుకును మోశాడు. చాద్ నేల మాత్రమే ఇచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు గాని, ఇక్కడ పిడికెడు కూడా ఎవరి వాటాకూ రాకుండా పంచగలిగారు. జాతిహననంలో ఎమిరేట్స్‌కు భాగముందని సుడాన్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 2025 మే 5న న్యాయస్థానం ఆ కేసును జాబితా నుంచే తొలగించింది. కారణం సులభం: జాతిహననాన్ని నిషేధించే ఒప్పందంలో చేరినప్పుడే, దానిలోని తొమ్మిదో అధికరణం, అంటే ఈ న్యాయస్థానానికి అధికారమిచ్చే అధికరణం, తమకు వర్తించదని ఎమిరేట్స్ రాసి పెట్టుకుంది. అలాంటి మినహాయింపు 1959లో ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు భారతదేశం కూడా రాసుకుంది, చాలా ముందుచూపుతో.

2025 సెప్టెంబరు 12న మండలి దార్‌ఫుర్ ఆంక్షలను ఇంకో ఏడాదికి ఏకగ్రీవంగా పొడిగించింది. అక్టోబరు 26న దార్‌ఫుర్‌లోని ఎల్ ఫాషర్ నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగులూ, వారికి తోడుగా వచ్చినవారూ కలిసి 460 మందికి పైగా హతమయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ వాక్యానికి తగిన వ్యంగ్యం నా దగ్గర లేదు.

ఇవన్నీ పరాయి దేశాల పాపాలని మనం స్థిమితపడవచ్చు గాని, అమ్మేవారి వరుసలో మన దేశం కూడా నిలబడి చాలాకాలమైంది. బర్మా పేరు చెబితే డెల్టాలో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో తలలు పైకెత్తుతారు. కాకినాడ రేవులోనూ కోరంగిలోనూ ఓడ ఎక్కి రంగం (రంగూన్) పోయి, అక్కడి మిల్లుల్లో, రేవుల్లో ఒళ్ళొంచి సంపాదించి, 1942లో జపాను బాంబులకు తల్లడిల్లి అడవుల దారిన నడిచి తిరిగి వచ్చినవారి మనవలు ఆ ఇళ్ళలో ఉన్నారు. కోనసీమ మండువా లోగిళ్ళలో స్తంభాలకు వాడిన బర్మా టేకు ఇప్పటికీ పుచ్చలేదు. ఆ బర్మాలో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. వీటో భయంతో భద్రతామండలి ఆయుధ నిషేధం విధించలేకపోయింది. జూన్ 18న సర్వసభ్యసభ మాత్రం ఆయుధాలు వెళ్ళకుండా చూడమని కోరుతూ తీర్మానం చేసింది: అనుకూలం 119, వ్యతిరేకం బెలారస్ ఒక్కటి, తటస్థం 36. ఆ 36లో మనం ఉన్నాం, చైనా, రష్యాల సరసన.

2023 మేలో బర్మాలో మానవహక్కుల మీద సమితి ప్రత్యేక పరిశీలకుడు టామ్ ఆండ్రూస్ లెక్క కట్టారు. తిరుగుబాటు జరిగినప్పటి నుంచి మయన్మార్ (అదే బర్మా) సైన్యానికి చేరిన ఆయుధాలు, విడిభాగాలు, ముడిసరుకుల విలువ కనీసం 100 కోట్ల డాలర్లు. అందులో రష్యా 40.6 కోట్లు, చైనా 26.7 కోట్లు, సింగపూర్ కంపెనీలు 25.4 కోట్లు, భారత్ 5.1 కోట్లు, థాయ్‌లాండ్ 2.8 కోట్లు. మన వాటా చిన్నదేనని సిగ్గుపడనవసరం లేదు, ఎదుగుతున్న రంగం. ఆ నివేదికకు నెల ముందు, ఏప్రిల్ 11న, సగాయింగ్ ప్రాంతంలోని పజిజీ గ్రామంలో ఒక కార్యాలయ ప్రారంభానికి చేరిన జనం మీద సైన్యపు విమానం బాంబు వేసింది. తరువాత హెలికాప్టరు వచ్చి మిగిలినవారిని కాల్చింది. 150 మందికి పైగా పోయారు, వారిలో పిల్లలున్నారు. అక్కడ పడ్డ బాంబులో మన 5.1 కోట్లలో పైసా కూడా లేదని ఎవరైనా వాదించవచ్చు. ఆయ్, కొట్టుకునేది కోళ్ళే కదండీ.

మన రక్షణ ఎగుమతులు 2024-25లో 23,622 కోట్ల రూపాయలకు చేరాయి. 2029 నాటికి 50,000 కోట్లు లక్ష్యం. పత్రికలు దీన్ని పంట దిగుబడి రాసినంత ఆనందంగా రాశాయి. కొన్నది ఎవరు, ఎవరి మీద వాడుతున్నారు అన్న ప్రశ్న ఆ పేజీలో ఇమడలేదు. 2013 ఏప్రిల్ 2న సమితి ఆయుధ వ్యాపార ఒప్పందాన్ని 154 ఓట్లతో ఆమోదించినప్పుడు మనం తటస్థంగా ఉన్నాం. హత్యాకాండకు వాడతారని తెలిసి ఆయుధం అమ్మరాదని ఆ ఒప్పందపు ఆరో అధికరణం అంటుంది. మన అభ్యంతరం అది కాదనీ, కొనే దేశాల మీద అమ్మే దేశాలకు పెత్తనం ఇచ్చేలా ఒప్పందం అసమతూకంగా ఉందనీ అప్పట్లో మన ప్రతినిధులు చెప్పారు. అప్పటికి మనం ప్రధానంగా కొనేవాళ్ళం, మాటలో న్యాయం లేకపోలేదు. ఇప్పుడు అమ్మేవాళ్ళం కూడా అయ్యాం. అభ్యంతరాన్ని మాత్రం పాతదే వాడుకుంటున్నాం. ఒప్పందంలో చేరిన ఫ్రాన్స్, చైనా, బల్గేరియాల సరుకే సుడాన్‌లో దొరికింది కనుక, చేరనందువల్ల మనం పెద్దగా పోగొట్టుకున్నదీ లేదు.

మాటలెందుకు, సముద్రం మీద ఓడలను ఆపి వెతకవచ్చు కదా అంటారు కొందరు. లిబియా విషయంలో ఆ ముచ్చటా తీరింది. 2011 ఫిబ్రవరిలో నిషేధం వచ్చింది. 2020 జనవరి 19న బెర్లిన్‌లో దేశాధినేతలు సమావేశమై దాన్ని గౌరవిస్తామని మాట ఇచ్చారు. ఆరు రోజులకే, మాట ఇచ్చినవారిలో కొందరి సరుకు విమానాలు దిగుతూనే ఉన్నాయని సమితి లిబియా కార్యాలయం విచారం వెలిబుచ్చింది. ఐరోపా సమాఖ్య నౌకాదళాన్ని దించింది. ఆ నవంబరులో జర్మన్ యుద్ధనౌక ఒకటి రోజలీన్-ఎ అనే టర్కీ ఓడ మీద సైనికులను దింపి సోదా మొదలుపెట్టింది. తమ అనుమతి లేదని టర్కీ అభ్యంతరం చెప్పగానే సోదా ఆగిపోయింది. చూసినంత వరకు ఆయుధాలు కనపడలేదన్నారు; చూడనిది అలాగే ప్రయాణం సాగించింది. 2021లో నిపుణుల బృందం ఆ నిషేధం పూర్తిగా నిష్ఫలమని రెండు ముక్కల్లో తేల్చేసింది. నిషేధం మరునాడు కూడా అమలులోనే ఉంది.

ఇక్కడే మన తీరం నుంచి ప్రపంచానికి ఒక దారి కనిపిస్తోంది. 2024 నవంబరు 29న కాకినాడ రేవులో స్టెల్లా-ఎల్ అనే ఓడ వ్యవహారం అందరికీ గుర్తుండే ఉంటుంది. పేదల రేషన్ బియ్యం అందులో ఉందని తెలిసి ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా పడవెక్కి సముద్రంలోకి వెళ్ళారు, "సీజ్ ద షిప్" అన్నారు, ఆ మాట దేశమంతా మారుమోగింది. ఎవరి జెండా ఎగురుతోందో, ఆ జెండా దేశం ఒప్పుకుందో లేదో అన్న మీమాంసతో ఎవరూ కాలయాపన చేయలేదు. నమూనాలు తీశారు, పరీక్షలు చేశారు, రేషన్ బియ్యాన్ని దింపించాకే ఓడను కదలనిచ్చారు. ఆ ఓడ వెళ్ళవలసింది పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌కు, ధ్రువపత్రాల టోగోకు ఆనుకుని ఉన్న దేశానికి. బస్తా బియ్యం అటు చేరకుండా ఆపగలిగిన రేవు ప్రపంచంలో ఒకటుందని రుజువైంది.

కనుక భద్రతామండలికి సవినయంగా ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. దార్‌ఫుర్, లిబియా తీర్మానాలు ఈసారి పొడిగింపుకు వచ్చినప్పుడు, నిషిద్ధ వస్తువుల జాబితాలో తుపాకులు, తూటాలు, మోర్టారు గుండ్లు, గైడెడ్ బాంబులు అని రాసి ఉన్న చోటల్లా వాటిని కొట్టివేసి "ఆంధ్రప్రదేశ్ పౌరసరఫరాల శాఖ వారి రేషన్ బియ్యం" అని చేర్చవలసిందిగా మనవి. తనిఖీకి కావలసిన పడవలు, సిబ్బంది, కెమెరాలు మా జిల్లాల నుంచి పంపిస్తాం. సంక్రాంతి మూడు రోజులు మాత్రం వారు అందుబాటులో ఉండరు.